రాత్రి 11 దాటిందని మా వాడికి టికెట్. లైసెన్సు ఇచ్చి మళ్లీ ఈ ఆంక్షలేమిటి?

ఎడిసన్_అమ్మ
మాది న్యూజెర్సీ. మా వాడికి 17 నిండాయి, ఆగస్టులో ప్రొబేషనరీ లైసెన్సు (కొత్త డ్రైవర్లకి ఆంక్షలతో ఇచ్చేది) వచ్చింది. మొన్న శనివారం దసరా ప్రోగ్రాం రిహార్సల్ ముగించుకుని ఇంటికొస్తుంటే రూట్ 27 మీద పోలీసు ఆపాడు. అప్పుడు టైము 11:20. స్పీడు లేదు, సిగ్నల్ దాటలేదు, తాగుడు మాట అసలే లేదు. నంబర్ ప్లేటు మీదున్న ఎర్ర స్టిక్కర్ చూసి ఆపాడట. "రాత్రి 11:01 నుంచి తెల్లవారి 5 దాకా నువ్వు నడపకూడదు" అని టికెట్ చేతిలో పెట్టాడు. ఇల్లు అక్కడికి పది నిమిషాలు కూడా లేదు. పిల్లాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ముభావంగానే ఉన్నాడు.

నా బాధ ఒక్కటే. రాతపరీక్ష పాసయ్యాడు, రోడ్డు టెస్టు పాసయ్యాడు, డ్రైవింగ్ స్కూలుకి డబ్బు కట్టాం, ఇన్సూరెన్సు ఎంత పెరిగిందో చెప్తే మీరు నమ్మరు. ఇన్ని చేశాక పది గంటలకి బాగా నడిపేవాడు పదకొండింటికి ఎలా చెడిపోతాడు? మా ఆయన ఫైను కట్టేసి ఊరుకోమంటున్నారు. నాకు కోర్టుకెళ్లి జడ్జి గారితో మాట్లాడాలని ఉంది. ఎవరైనా వెళ్లారా?

ఫ్రిస్కో_శీను
మా టెక్సాస్‌లో నయం అక్కా. ఇక్కడ అర్ధరాత్రి 12 నుంచి 5 వరకే ఆంక్ష. స్కూలు కార్యక్రమం, ఉద్యోగం, వైద్యం లాంటి అత్యవసరం ఉంటే అదీ లేదు. పైగా ఆ రూలు తప్పాడేమో చూద్దామని మాత్రమే పోలీసు బండి ఆపకూడదని చట్టంలోనే రాసి ఉంది. వేరే తప్పు చేస్తే ఆపి, అప్పుడు ఇదీ కలపొచ్చు. ఎర్ర స్టిక్కరు గోల లేనే లేదు. పిల్లల నుదుట బొట్టు పెట్టి రోడ్డు మీదకి వదిలినట్టు ఉంది మీ స్టేటు పద్ధతి.

పార్సిప్పనీ_ప్రసాద్
శీను గారూ, ఆ బొట్టు ఎందుకు వచ్చిందో తరవాత చెప్తాను.

ఎడిసన్_అమ్మ గారూ, మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే ఈ మెట్లు ఎక్కి వచ్చారు కాబట్టి తెలిసింది చెప్తున్నాను. న్యూజెర్సీలో 16కి స్పెషల్ లెర్నర్ పర్మిట్, దానికి డ్రైవింగ్ స్కూల్లో ఆరు గంటలు రోడ్డు మీద శిక్షణ. 17కి ప్రొబేషనరీ. అది ఏడాది నడిపాక, 18 నిండాక అసలు లైసెన్సు. మధ్యలో ఉన్నన్నాళ్లూ రాత్రి గడువు ఒకటి, ఫోను ఒకటి, పక్కన కూర్చునేవాళ్ల లెక్క ఒకటి. హ్యాండ్స్‌ఫ్రీ కూడా పనికిరాదు. తల్లో తండ్రో కారులో లేకపోతే ఒక్కరిని మించి ఎక్కించుకోకూడదు. తప్పితే 100 డాలర్లు.

గడువుకి ఉద్యోగం, మతపరమైన కార్యక్రమం కింద మినహాయింపు ఉంది. కానీ ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద బాధ్యుల సంతకంతో కాగితం బండిలో ఉండాలి. దసరా రిహార్సల్ మతం కిందికి వస్తుందా, సాంస్కృతికం కిందికి వస్తుందా అని జడ్జి ముందు వాదించడం కష్టం. కాగితం లేకపోతే ఇంకా కష్టం.

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమనుకోకండి. ఆ రాత్రి కారులో మీ అబ్బాయి ఒక్కడే ఉన్నాడా?

బే_ఏరియా_బాబాయ్
కాలిఫోర్నియాలో అయితే ఇంకా బిగింపు. మొదటి పన్నెండు నెలలు రాత్రి 11 నుంచి 5 దాకా నడపకూడదు. 20 లోపు వయసు వాళ్లని ఎవర్నీ ఎక్కించుకోకూడదు, ఒక్కరిని కూడా. పక్కన తల్లిదండ్రులో, 25 దాటిన లైసెన్సుదారో ఉంటే తప్ప. తమ్ముణ్ణి స్కూలు నుంచి తేవాలన్నా వేరే దారి లేదని, ఎందుకు అవసరమో, ఎప్పటిదాకా అవసరమో రాసి సంతకం చేసి ఇవ్వాలి. మా ఆవిడ ఆ కాగితం రాసి, జిరాక్సు తీసి, గ్లవ్ బాక్సులో ఒకటి, అమ్మాయి బ్యాగులో ఒకటి పెట్టింది. పూజా సామాను లిస్టు రాసినంత శ్రద్ధగా రాసింది.

మొదట్లో మాకూ చిరాకే. ఏడాది ఇట్టే గడిచిపోయింది.

పాలకొల్లు_పిల్ల
బాబాయ్ గారూ, గడిచిపోయింది సరే. ఆ ఏడాదంతా అమ్మాయిని ఎవరు తిప్పారు?

బే_ఏరియా_బాబాయ్
నేనే. స్విమ్మింగు, వయొలిను, మ్యాథ్ క్లబ్బు. ఇంటికి డ్రైవరుని, పెద్దజీతగాణ్ణి, అన్నీ నేనే :)

ఎడిసన్_అమ్మ
ప్రసాద్ గారూ, మీరు అడిగారు కాబట్టి దాచను. వాడితో పాటు ముగ్గురు ఉన్నారు. డాన్సు గ్రూపులో పిల్లలే, అందరూ మంచి పిల్లలు. అసలు వాళ్లని దింపి రమ్మన్నది నేనే. వాళ్ల అమ్మలు ఫోన్ చేసి "మీ వాడికి లైసెన్సు వచ్చిందిగా, మా పాపని కూడా కాస్త దింపమనరా" అంటే కాదనలేకపోయాను. పోలీసు టికెట్ మీద అది కూడా రాశాడు. మొదటి పోస్టులో రాయడానికి మొహమాటం అనిపించింది.

అయినా నా ప్రశ్న నాదే. ముగ్గురు మంచి పిల్లలు పక్కనుంటే ప్రమాదం ఎలా పెరుగుతుంది? పెద్దవాళ్లం మనం ఐదుగురం ఎక్కి వెళ్లడం లేదా?

వరంగల్_వాసు
నేను హైదరాబాద్ నుంచి రాస్తున్నా. మీ చర్చ చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. ఇక్కడ ఉన్నది రెండే మెట్లు. లెర్నర్స్ తీసుకుని ఎర్ర ఎల్ బోర్డు పెట్టుకోవాలి, ముప్పై రోజులు ఆగి టెస్టుకి వెళ్లాలి. 18 నిండి లైసెన్సు చేతికొచ్చిందా, ఆ రాత్రే ఐదుగురిని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీదకి వెళ్లినా అడిగే రూలు లేదు. మొదటి రోజు డ్రైవరూ ఇరవయ్యేళ్ల డ్రైవరూ చట్టం కళ్లకి ఒకటే.

18 లోపు మాత్రం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చాలా గట్టి చేశారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 199ఏ కింద తండ్రికో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టంలో 16 ఏళ్లకి గేర్లు లేని 50 సీసీ బండికి లైసెన్సు ఉంది కానీ ఆ 50 సీసీ బండి ఇప్పుడు షోరూముల్లో దాదాపు కనిపించదు.

మా కాలనీలో పదో తరగతి పిల్లలు ముగ్గురేసి స్కూటీ మీద ట్యూషన్‌కి వెళ్తారు. తాళం చెవి ఇచ్చేది తల్లిదండ్రులే. మీకు మధ్య మెట్టు ఒకటి ఉంది, దాన్ని తీసేయమని అడక్కండి. మాకు అది లేదనే నా బాధ.

ఫ్రిస్కో_శీను
వాసు అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ రోడ్లు వేరు, పరిస్థితి వేరు. ఇక్కడ బస్సు లేదు, ఆటో లేదు. నడవడానికి ఫుట్‌పాత్ కూడా ఉండదు కొన్ని చోట్ల. పిల్లాడికి 17 వచ్చినా తండ్రి సెలవు పెట్టి తిప్పాలంటే రెండు ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఎలా?

ఆల్ఫరెట్టా_సిరి
నాకు 19. తెలుగు మనబడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. అమ్మ ఈ చర్చ చూపించింది. పిల్లల వైపు నుంచి ఎవరూ రాయలేదని నేను రాస్తున్నాను.

జార్జియాలో 16కి క్లాస్ డి లైసెన్సు వస్తుంది. మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్లని తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. తరవాత ఆరు నెలలు 21 లోపు వాళ్లు ఒక్కరు. ఆ తరవాత ముగ్గురు. రాత్రి 12 నుంచి 5 వరకు ఏ మినహాయింపూ లేదు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు, నా ఫ్రెండ్స్ అందరికీ వచ్చు.

మేము ఈ రూల్సు ఎప్పుడు తప్పామో చెప్తాను. పార్టీలకి కాదు. నాకు లైసెన్సు వచ్చిన రెండో వారం ఒక ఆంటీ బర్త్‌డేలో మా అమ్మతో "సిరి ఎలాగూ మా వైపే కదా" అన్నారు. నా కారులో నలుగురు పిల్లలు ఎక్కారు. వాళ్లలో ఇద్దరు వెనక సీట్లో కొట్టుకుంటున్నారు. నేను 400 హైవే మీద మెర్జ్ అవ్వాలి. వెనక ట్రక్కు, అద్దంలో చూద్దామంటే పిల్లల తలలు అడ్డం, చెవిలో అరుపులు. చేతులు చల్లబడిపోయాయి. ఇంటికొచ్చాక బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. అమ్మకి ఆ మాట రెండేళ్ల తరవాత చెప్పాను.

కుదరదు, నాకు రూలు ఒప్పుకోదు అని ఆంటీతో చెప్పి ఉండాల్సింది. కానీ పెద్దవాళ్ల మాట కాదంటే పొగరు అంటారు కదా. అందుకే ఎడిసన్ ఆంటీ, మీ అబ్బాయి అన్నం తినకపోవడం టికెట్ గురించి కాకపోవచ్చు. ఒకసారి అడగండి.

పాలకొల్లు_పిల్ల
సిరీ, నీ తెలుగులో ఒక్క తప్పు లేదమ్మా.

నేపర్‌విల్_నాని
ఆమె రాసింది చదివి మా వాణ్ణి పిలిచి అడిగా. "నాకూ ఒకసారి అలా అయింది డాడ్" అన్నాడు. ఎప్పుడంటే చెప్పడం లేదు.

మా ఇల్లినాయ్‌లో గడువు ఇంకా ముందు. ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రి 10, శుక్ర శనివారాలు 11. పొద్దున 6 దాకా. ఏడాది పాటు 20 లోపు వాళ్లు ఒక్కరే, తోబుట్టువులు అయితే పర్వాలేదు.

జంట_తార
తోబుట్టువులు పర్వాలేదు అన్నారు చూడండి, అక్కడే నా గొడవ. మాది కూడా న్యూజెర్సీయే. మా పెద్దదానికి 17, దాని తరవాత కవలలు, 12 ఏళ్లు. ఇక్కడి రూలులో చెల్లెళ్లకి మినహాయింపు లేదు. డ్రైవరు సొంత బిడ్డలైతేనే ఉంది. అంటే అది ఒక చెల్లిని స్కూలు నుంచి తేవచ్చు, ఇద్దర్నీ తేకూడదు! ఒకదాన్ని అక్కడ నిలబెట్టి రెండోదాన్ని ఇంట్లో దింపి మళ్లీ వెళ్లాలా? అప్పుడు కొత్త డ్రైవరు రోడ్డు మీద ఉండే సమయం రెట్టింపు కాలేదూ?

నేను ఆంక్షలు వద్దనడం లేదు. రాత్రి గడువు ఉండాలి, ఫోను వద్దు అనాలి. ఈ ఒక్క రూలు మాత్రం మా ఇంట్లో పనిచేయడం లేదు. మా ఎమ్మెల్యే లాంటాయన ఉంటారు కదా, స్టేట్ అసెంబ్లీ సభ్యుడు, ఆయనకి ఉత్తరం రాశాను.

పార్సిప్పనీ_ప్రసాద్
తార గారితో నేను ఏకీభవిస్తాను. 2010కి ముందు ఇంట్లోవాళ్లకి మినహాయింపు ఉండేది, తరవాత బిగించారు. ఉత్తరం రాయడమే సరైన పద్ధతి.

ఇక స్టిక్కర్ల సంగతి. 2006లో ఇక్కడ 16 ఏళ్ల అమ్మాయి తోటి కుర్రాడు నడుపుతున్న కారులో వెళ్తూ ప్రమాదంలో చనిపోయింది. ఆమె పేరు మీదే కైలీస్ లా వచ్చింది, 2010 మే 1 నుంచి అమలు. 21 లోపు పర్మిట్, ప్రొబేషనరీ వాళ్లు రెండు నంబర్ ప్లేట్లకీ ఎడమ పై మూలన ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కరు పెట్టాలి. జత 4 డాలర్లు. వెల్క్రోతో వస్తుంది, మనం నడిపేటప్పుడు తీసేయొచ్చు. నడిపేది చిన్నపిల్లలని అందరికీ చాటినట్టు కాదా అని కోర్టుకెళ్లారు. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే నిలబెట్టింది.

శీను గారూ, టెక్సాస్‌లో ఆపకూడదు, ఇక్కడ ఆపొచ్చు అన్నారు. ఆపలేని రూలు కాగితం మీదే ఉంటుంది. మా పెద్దవాడు పదకొండుకి పది నిమిషాల ముందు ఇంట్లో ఉండేవాడు, నా భయంతో కాదు, ఆ స్టిక్కరు భయంతో.

ఫ్రిస్కో_శీను
ఒప్పుకోను అన్నా. నేను మా అమ్మాయికి పేరెంట్ టాట్ పద్ధతిలో నేర్పాను. టెక్సాస్‌లో కోర్సు తీసుకుని తల్లిదండ్రులే నేర్పొచ్చు. ముప్పై గంటలు కూర్చుని నడిపించాలి, అందులో పది రాత్రిపూట. నేను ముప్పైతో ఆపలేదు. వానలో, డల్లాస్ ట్రాఫిక్‌లో, శనివారం సాయంత్రం ఇండియన్ స్టోరు పార్కింగులో, అన్నిట్లో నడిపించాను. ఆ పార్కింగ్ లాట్‌లో తిరిగి బయటపడిందంటే ఎక్కడైనా నడుపుతుంది :) పోలీసు భయంతో వచ్చే జాగ్రత్త వేరు, చేతికి అలవాటై వచ్చే జాగ్రత్త వేరు.

మెల్‌బోర్న్_మావయ్య
ముప్పై గంటలా శీనూ? ఇక్కడ విక్టోరియాలో 21 లోపు వాళ్లకి 120 గంటలు. అందులో 20 రాత్రి. ప్రతి ప్రయాణం లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, వాన పడిందా, చీకటా, పక్కన ఎవరు కూర్చున్నారు. అంతా అయ్యాక 18కి ప్రొబేషనరీ లైసెన్సు, బండికి ఎర్ర పి ప్లేటు, ఏడాది. తరవాత పచ్చ పి ప్లేటు, మూడేళ్లు. ఎర్ర ప్లేటు ఉన్నన్నాళ్లూ 16 నుంచి 21 ఏళ్ల వాళ్లలో ఒక్కరినే ఎక్కించుకోవాలి, తోబుట్టువులు లెక్కలోకి రారు. తార గారూ, మీరు ఇక్కడికి వచ్చేయండి.

మొత్తం నాలుగేళ్లు ప్లేటు పెట్టుకుని తిరుగుతారు, ఎవరికీ చిన్నతనం లేదు. ముందు పి ప్లేటు కనిపిస్తే మేము కాస్త దూరం ఉంచుతాం, హారన్ కొట్టం. అది శిక్షలా చూడకండి, మన ఊళ్లో కొత్త పెళ్లికూతురికి అత్తగారింట్లో కొన్నాళ్లు బరువు పని చెప్పరు చూడండి, అలాంటిది.

ఈ మెట్ల పద్ధతిని దేశమంతటా మొదట పెట్టింది మా పక్కనున్న న్యూజిలాండ్ వాళ్లు, 1987లో. అమెరికాలో ఫ్లోరిడా 1996లో మొదలుపెట్టింది.

ఆ 120 గంటలు పూర్తి చేయడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. కొడుకుతో అంతసేపు ఒకే చోట కూర్చుని మాట్లాడింది అప్పుడే.

పాలకొల్లు_పిల్ల
మా అత్తగారింట్లో మొదటి రోజే గారెల పిండి రుబ్బమన్నారు మావయ్యా.

పార్సిప్పనీ_ప్రసాద్
గంటల మాట వచ్చింది కాబట్టి, న్యూజెర్సీలో కూడా 2025 ఫిబ్రవరి 1 నుంచి 21 లోపు వాళ్లకి 50 గంటల ప్రాక్టీసు పెట్టారు, పది గంటలు చీకట్లో. అంతకుముందు గంటల లెక్కే లేదు.

హెర్న్‌డన్_లక్ష్మి
వర్జీనియాలో 45 గంటలు, 15 చీకటి పడ్డాక. ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది, అందరికీ చెప్పాలని ఉంది. 18 లోపు పిల్లలకి అసలు లైసెన్సు పోస్టులో రాదు. జువెనైల్ కోర్టు నుంచి పిలుపు వస్తుంది. పిల్లాడూ తల్లో తండ్రో కలిసి వెళ్లాలి. హాలు నిండా కొత్త డ్రైవర్లు, పక్కన వాళ్ల తల్లిదండ్రులు. జడ్జి గారు మాట్లాడాక లైసెన్సుని తల్లిదండ్రుల చేతిలో పెడతారు, వాళ్లు పిల్లలకి ఇవ్వాలి.

నేను చీర కట్టుకుని వెళ్లాను. మా వాడు ఎందుకమ్మా ఇంత హడావిడి అన్నాడు. ఆ కార్డు నా చేతిలోకి వచ్చినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. అక్షరాభ్యాసం నాడు పలక పట్టించిన చేతికే ఇది ఇస్తున్నాను అనిపించింది. ఎడిసన్_అమ్మ గారూ, కోర్టుకి వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ అబ్బాయిని పక్కన పెట్టుకుని వెళ్లండి.

హెచ్4_పాప_నాన్న
మధ్యలో చిన్న మాట. మా పాప హెచ్4, అంటే నా వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా. లైసెన్సు మీద గడువు మా స్టేటస్ తేదీతో ముగుస్తుంది. ఎక్స్‌టెన్షన్ కాగితం వచ్చిన ప్రతిసారీ మళ్లీ లైనులో నిలబడాలి. మిగతా పిల్లలకి ఉన్న టెన్షన్‌కి ఇది అదనం. వీసా మీద ఉన్నవాళ్లు ఆ తేదీ ఫోన్లో గుర్తు పెట్టుకోండి, గడువు దాటిన కార్డుతో పిల్లల్ని పంపకండి.

పేరు_వద్దు
రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. ఎడిసన్_అమ్మ గారు అడిగారు కదా, ముగ్గురు మంచి పిల్లలు పక్కనుంటే ప్రమాదం ఎలా పెరుగుతుందని.

మా అన్నయ్య కొడుకు మిడ్‌వెస్ట్‌లో ఉండేవాడు. 17. ఒక ఫ్రెండు పుట్టినరోజని ఐదుగురు కలిసి వెళ్లారు. నడిపిన కుర్రాడికి లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. మా వాడు వెనక సీట్లో కూర్చున్నాడు. తాగలేదు, రేసు పెట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు చినుకులు. ఎవరో పాట మార్చమన్నారు, నడిపేవాడు ఒక్క క్షణం కిందికి చూశాడు. మలుపు. చెట్టు. మిగిలిన పిల్లలు చెప్పింది ఇంతే, చెప్పడానికి ఇంకేమీ లేదు.

అందరూ మంచి పిల్లలే. నడిపిన వాడు ఇప్పటికీ మా వదినకి ప్రతి సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఏం మాట్లాడడు, ఎలా ఉన్నారాంటీ అంటాడు, ఆవిడా ఎలా ఉన్నావు నాన్నా అంటుంది.

అక్కడా ఒక్కరినే ఎక్కించుకోవాలన్న రూలు ఉంది. ఐదుగురి ఇళ్లలోనూ తెలుసు. ఎవరూ గుర్తు చేయలేదు, మా అన్నయ్యతో సహా. మైలుకి లెక్కేస్తే 16 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ప్రాణాలు పోయే ప్రమాదాలు 20 దాటిన వాళ్ల కంటే దాదాపు మూడు రెట్లని తరవాత చదివాను. ముందే తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లమో నాకు తెలియదు.

మీకు టికెట్ వచ్చింది. పిల్లాడు ఇంటికొచ్చాడు.

పాలకొల్లు_పిల్ల
ఏం రాయాలో తెలియడం లేదండీ. మీ వదిన గారికి నా నమస్కారాలు.

ఫ్రిస్కో_శీను
నేను స్టిక్కరు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మెల్‌బోర్న్_మావయ్య
చదివాను. పొద్దున్నే మా వాడికి ఫోన్ చేశాను.

నేపర్‌విల్_నాని
ఒక మాట చెప్పాలి అందరికీ. పిల్లలు రోడ్డు మీద ఉండగా మనమే ఫోన్ చేస్తాం, ఎక్కడున్నావురా అని. ఎత్తకపోతే మళ్లీ చేస్తాం. మూడోసారికి వాడు భయపడి ఎత్తుతాడు. నిన్నటి నుంచి మా ఇంట్లో ఆపేశాం. బయల్దేరే ముందు వాడే మెసేజ్ పెడతాడు, చేరాక ఇంకోటి. మధ్యలో మేము ఫోన్ ముట్టుకోం. మా ఆవిడకి ఆ ఇరవై నిమిషాలు చాలా కష్టంగా ఉంది, అయినా చేస్తోంది.

ఆల్ఫరెట్టా_సిరి
థాంక్యూ నాని అంకుల్. అది చాలా పెద్ద విషయం మాకు.

పార్సిప్పనీ_ప్రసాద్
ఇక్కడ ఈస్ట్‌లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. సెలవులు వస్తున్నాయి. 18 లోపు పిల్లల్ని న్యూయార్క్ సిటీలోకి కారు తీసుకుని పంపకండి. అక్కడ జూనియర్ లైసెన్సు (18 లోపు వాళ్లది) ఐదు బరోల్లోనూ, అంటే నగరం మొత్తంలో, చెల్లదు, బయటి రాష్ట్రం పిల్లలకీ అదే వర్తిస్తుంది. మా బంధువుల అబ్బాయి టన్నెల్ దాటాక తెలుసుకున్నాడు.

ఎడిసన్_అమ్మ
రెండు వారాలు రాయలేదు, మన్నించండి. పేరు_వద్దు గారి పోస్టు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సిరి చెప్పినట్టు వాణ్ణి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నేను వద్దన్నాను కదమ్మా, నువ్వే తీసుకెళ్లమన్నావు" అన్నాడు. నిజమే. రిహార్సల్ దగ్గర ఫోన్లో వాడు రూలు చెప్పబోతే "పది నిమిషాల దారికి ఏమవుతుందిరా" అన్నది నేనే. అది నాకు గుర్తు కూడా లేదు. వాడికి మాట మాట గుర్తుంది. వాడి ముందు క్షమాపణ చెప్పాను. ఇంతవరకు ఎప్పుడూ చెప్పలేదు, నోరు తిరగడానికి కాస్త టైము పట్టింది.

కోర్టు మాట మానేశాం. ఫైను కట్టాం. వాడి పార్ట్‌టైం డబ్బులోంచి కడతానన్నాడు, నేను ఒప్పుకోలేదు, ఆ తప్పు నాది. ఆ ముగ్గురు పిల్లల అమ్మలకీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఒకరు నొచ్చుకున్నారు, "అంత పెద్ద విషయం కాదు కదా" అన్నారు. మిగతా ఇద్దరూ అర్థం చేసుకున్నారు. ఇకపై ఎవరైనా అడిగితే వాడు ఇబ్బంది పడక్కర్లేదు, "మా అమ్మ ఒప్పుకోదు" అనేయమన్నాను. నా మీదకి తోసేస్తే వాడికి తేలిక.

11:01 అనేది కొంచెం అన్యాయం అని ఇప్పటికీ అనిపిస్తుంది, కాదనను. రిహార్సళ్లు పదికల్లా ముగించమని నిర్వాహకుల్ని అడిగాను. కుదరదు, హాలు ఎనిమిదికి గానీ దొరకదు అన్నారు. శనివారం మళ్లీ ఉంది. నాకు ఆ రోజు నైట్ షిఫ్టు, ఆయన ఊళ్లో లేరు. వాడు మానేస్తానంటున్నాడు, మహిషాసురుడి వేషం వాడిదే.

జంట_తార
ఆగండి ఆగండి. మహిషాసురుడా? పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని, కొమ్ముల కిరీటం జారిపోతోందని రబ్బరు బ్యాండు కట్టుకున్న అబ్బాయి?

ఎడిసన్_అమ్మ
అయ్యో అవును! మీకెలా తెలుసు?

జంట_తార
మా కవలలు ఆ డాన్సులోనే సింహం ముందు కాళ్లు, వెనక కాళ్లు అండీ. శనివారం నేను ఎలాగూ వస్తాను, నాది ఏడు సీట్ల బండి. మీ వాణ్ణీ ఆ ముగ్గురినీ నేనే దింపుతాను. ఆ అమ్మల నంబర్లు నాకు మెసేజ్‌లో పెట్టండి. కిరీటానికి మంచి ఎలాస్టిక్ కూడా తెస్తాను.